తుపాకీకి ఇంట్లో సిరామిక్ పూత: ఓవెన్‌లో ఆరేదా, గాలికి ఆరేదా, డబ్బా స్ప్రేనా?

మా ఇంట్లో రెండు టోస్టర్ ఓవెన్లు ఉన్నాయి. ఒకటి వంటింట్లో, రెండోది గరాజ్‌లో. గరాజ్‌లో ఉన్నదాని తలుపు మీద ఎర్ర మార్కర్‌తో ‘ఇది తిండికి కాదు’ అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఆ చేతిరాత మా ఆవిడది. తుపాకీ భాగాలకు వేసిన పూతను ఆరబెట్టడానికే ఆ ఓవెన్. ఒక్కసారి ఆ పనికి వాడామంటే ఇక అందులో రొట్టె ముక్క కూడా వేడి చేయకూడదు.

నాకు ఈ పిచ్చి పట్టడానికి కారణం తుప్పు. హ్యూస్టన్‌లో ఉండేవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కాకినాడలో మా కిటికీ ఊచలకు నాన్న రెండేళ్ళకోసారి రంగు వేయించేవారు. అయినా సముద్రపు గాలికి ఊచల మొదళ్ళు పొరలు పొరలుగా లేచిపోయేవి. ఇక్కడి టెక్సస్ తీరపు గల్ఫ్ గాలి దానికేమీ తీసిపోదు. ఒక చలికాలం బాతుల వేటకని చిత్తడి నేలల్లోకి తీసుకెళ్ళిన షాట్‌గన్‌ను, అలసటలో తుడవకుండా సంచిలోనే వదిలేశాను. మూడో రోజు బయటికి తీస్తే, నా చెయ్యి తగిలిన చోటల్లా నారింజ రంగు వేలిముద్రలు కనిపించాయి. తప్పు తుపాకీది కాదు, చెమటది, బద్ధకానిది.

అప్పటి నుంచి ఒక్కో రకం పూత వేసి చూస్తూ వచ్చాను. ‘ఏ పూత మంచిది?’ అని స్నేహితులు అడుగుతుంటారు. నేను ముందు రెండు ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఆ భాగం ఎంత వేడెక్కుతుంది? మీ గరాజ్‌లో ఏమేం ఉన్నాయి? ఈ రెండింటికి జవాబు దొరికితే సీసా మీద ఏ పేరుండాలో చాలావరకు దానంతటదే తేలిపోతుంది.

ముందుగా ఒక అపోహ. హైదరాబాద్‌లో ‘సిరామిక్ కోటింగ్’ అనగానే అందరికీ కారు గుర్తొస్తుంది. కారు రంగు మీద గుడ్డతో రుద్దే ఆ పారదర్శకమైన ద్రవం వేరు, తుపాకులకు వేసేది వేరు. ఇది రంగే. అంటుకుని గట్టిపడే రెసిన్‌లో సన్నని సిరామిక్ కణాలు కలిపి, స్ప్రే గన్‌తో కొట్టే రంగు. పింగాణీ కప్పు మీది మెరుపులాంటిదేదో వస్తుందనుకుంటే నిరాశే మిగులుతుంది. ప్రకటనల్లో కనిపించే 9హెచ్ అనే అంకె కూడా ఇలాగే తప్పుదోవ పట్టిస్తుంది. అది పెన్సిల్ పరీక్ష. రకరకాల గట్టిదనం ఉన్న పెన్సిళ్ళతో గీసి, ఏ పెన్సిల్‌కు గీత పడలేదో చూస్తారు. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో నీలం రాయికి ఉండే 9తో దీనికి ఏ చుట్టరికమూ లేదు. 9హెచ్ పూత మీద ఉక్కు మేకుతో గీస్తే గీత పడుతుంది.

చట్టం గురించి నాలుగు మాటలు

నేను రాస్తున్నది అమెరికాలో, సొంత తుపాకీకి సొంతంగా పూత వేసుకోవడం గురించి. ఫెడరల్ చట్టం ప్రకారం దానికి లైసెన్సు అక్కర్లేదు. అదే పనిని డబ్బు తీసుకుని వ్యాపారంగా నలుగురికీ చేసిపెడితే గన్‌స్మిత్ (తుపాకుల పనివాడు) కిందికి వస్తారు, ఎఫ్‌ఎఫ్‌ఎల్ అనే ఫెడరల్ తుపాకీ లైసెన్సు కావాలి. ‘మా అన్నయ్యది కూడా వేసిపెట్టు, ఎంతో కొంత ఇస్తాను’ అనే దగ్గరే చాలామంది ఈ గీత దాటుతారు.

మనవాళ్ళు చాలామంది హెచ్-1బి మీదో, ఎఫ్-1 మీదో ఉంటారు కాబట్టి ఇంకో మాట. అలాంటి వలసేతర వీసాల మీద ఉన్నవారు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి. మీ విషయంలో ఏది వర్తిస్తుందో వకీలును అడిగి తెలుసుకున్నాకే పూత ఆలోచన చేయండి. ఇక భారత్‌లో 1959 నాటి ఆయుధాల చట్టం, 5వ సెక్షన్, తుపాకుల మరమ్మతును కూడా లైసెన్సు పనుల్లో చేర్చింది. అక్కడ లైసెన్సు తుపాకీ ఉన్నవారు గరాజ్ ప్రయోగాలు మానుకుని అనుమతి ఉన్న డీలరు దగ్గరికి వెళ్ళడమే సరైన దారి.

ఓవెన్ ఉంటే: సెరాకోట్ హెచ్ సిరీస్

ఆరెగాన్ రాష్ట్రంలోని వైట్ సిటీలో ఉన్న ఎన్‌ఐసీ ఇండస్ట్రీస్ తయారు చేసే సెరాకోట్‌లో ఇంటివారికి పనికొచ్చేవి ప్రధానంగా రెండు వరుసలు: హెచ్, సి. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని బదులు ఇంకొకటి తెప్పించుకుని తల పట్టుకున్నవారిని చూశాను. రెండింటి స్వభావాలూ వేర్వేరు.

హెచ్ సిరీస్ రెండు సీసాల వ్యవహారం. రంగు ఒక సీసాలో, దాన్ని గట్టిపరిచే క్యాటలిస్ట్ ఇంకొక సీసాలో ఉంటాయి. మామూలుగా 18 పాళ్ళ రంగుకు ఒక పాలు క్యాటలిస్ట్ కలపాలి. అంటే 36 మిల్లీలీటర్ల రంగుకు 2 మిల్లీలీటర్లు. క్యాటలిస్ట్ కాస్త పెంచి 12కు ఒకటిగా కలిపితే మెరుపు పెరుగుతుంది, తగ్గించి 24కు ఒకటి చేస్తే మెరుపు చచ్చి మసకబారుతుంది. వంటలో ఉప్పులాగా చేతి అంచనాతో వేసే పని కాదు, కొలగొట్టం కావాలి. కలపడానికి ముందు రంగు సీసాను చాలాసేపు గట్టిగా కుదపాలి, ఎందుకంటే సిరామిక్ కణాలు అడుగున పేరుకుని ఉంటాయి. నేను సీసాను తలకిందులు చేసి, అడుగున ముద్ద ఏమైనా అంటుకుని ఉందేమో వెలుతురులో చూసుకుంటాను. ముద్ద కరగకుండా పైది పైది వాడితే ఆ రంగు ఛాయా రాదు, గట్టిదనమూ రాదు.

స్ప్రే చేశాక కాసేపు ఆగి, 250 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 120 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు ఉంచాలి. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఓవెన్ నాబ్‌ను 250కి తిప్పిన క్షణం నుంచి రెండు గంటలు లెక్కపెడతారు. లావుపాటి ఉక్కు స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జారే భాగం) ఆ వేడికి చేరుకోవడానికే సమయం పడుతుంది. భాగం వేడెక్కాక లెక్క మొదలుపెట్టాలి. చవక ఓవెన్ల నాబ్‌ను నమ్మకండి, లోపల విడిగా ఒక థర్మామీటర్ వేలాడదీయండి. మా ఓవెన్ 250 అంటే ఒకసారి 230, ఒకసారి 280.

పాలిమర్ (గట్టి ప్లాస్టిక్) చట్రాలకు అంత వేడి పనికిరాదు. వాటికి 150 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర నిదానంగా ఆరబెట్టే పద్ధతి ఉంది. సీసాతో వచ్చే పత్రంలో ఆ రంగుకు ఏం రాసి ఉంటే అదే పాటించాలి. అల్యూమినియం రిసీవర్ల (తుపాకీ యంత్రభాగాలు ఇమిడే మధ్యభాగం) గురించి చాలామంది భయపడతారు కానీ, వాటికి వాడే 7075 రకం లోహాన్ని ఫ్యాక్టరీలో గట్టిపరిచే చివరి దశ కూడా దాదాపు ఈ 120 సెల్సియస్ దగ్గరే జరుగుతుంది. రెండు గంటలకు దానికి ఏమీ కాదు.

రాపిడికి తట్టుకోవడంలో, నూనెలకు, ద్రావకాలకు చలించకపోవడంలో, ఎన్నుకోవడానికి ఉన్న రంగుల్లో నా లెక్కలో హెచ్‌కే మొదటి స్థానం. హోల్‌స్టర్‌లోకి రోజూ వెళ్ళి వచ్చే పిస్టల్ స్లైడ్‌కు, వేట రైఫిల్ రిసీవర్‌కు దీన్ని మించింది నేను చూడలేదు. దీని పరిమితి వేడి. సుమారు 500 డిగ్రీల ఫారన్‌హీట్ దాటే చోట ఇది నిలవదు.

ఓవెన్ లేకపోయినా, భాగం మంటలా వేడెక్కినా: సి సిరీస్

సి సిరీస్‌లో కలపడం, కొలవడం అనే తంటా లేదు. ఒకే సీసా. గాలిలోని తేమే దాన్ని గట్టిపరుస్తుంది. గంటలోపే చేతికి అంటకుండా ఆరుతుంది, పూర్తిగా గట్టిపడటానికి ఐదు రోజులు పడుతుంది. ఈ ఐదు రోజులూ చాలామందికి పెద్ద పరీక్ష. రెండో రోజుకే బిగించి చూసుకుందామనిపిస్తుంది. బిగిస్తే అంచుల దగ్గర రేగిపోతుంది.

ఈ వరుసలోని కొన్ని రంగులు 1800 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 980 సెల్సియస్ వరకు తట్టుకుంటాయి. అందుకే వరసగా చాలా గుండ్లు కాల్చే రైఫిల్ బారెల్‌కు, దాని మూతి దగ్గర వెనక్కి తన్నుడు తగ్గించే మజిల్ బ్రేక్‌కు ఇదే సరైనది. వేడి పెట్టకూడని టెలిస్కోప్ గొట్టం లాంటి వాటికి కూడా ఇదే దిక్కు. రాపిడి విషయంలో మాత్రం హెచ్ కన్నా ఒక మెట్టు కింద ఉంటుంది, రంగులూ తక్కువ.

తేమతో గట్టిపడుతుంది కాబట్టి తేమే దీని శత్రువు కూడా. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టకూడదని మన ఇళ్ళల్లో ఎంత కచ్చితంగా ఉంటారో, ఈ సీసా మూత విషయంలో అంత కచ్చితంగా ఉండాలి. కావలసినంత వేరే గిన్నెలోకి పోసుకుని వెంటనే బిగించేయాలి. గిన్నెలో మిగిలింది తిరిగి సీసాలో పోయకూడదు. జూలైలో, హ్యూస్టన్ గరాజ్‌లో అరగంట మూత తీసి ఉంచిన నా సీసా నెల తిరిగేలోపు జెల్లీ అయి కూర్చుంది.

డ్యూరాకోట్, గన్‌కోట్, ఇంకా డబ్బాలు

కంప్రెసర్ ఉండి ఓవెన్ లేనివారికి విస్కాన్సిన్‌లోని లావర్ కస్టమ్ వెపన్రీ వారి డ్యూరాకోట్ చాలాకాలంగా ఉన్న దారి. ఇది కూడా రెండు సీసాలే, 12 పాళ్ళకు ఒక పాలు హార్డనర్. వేడి అక్కర్లేదు. ఒక రాత్రి గడిస్తే పట్టుకోవచ్చు కానీ, అసలు గట్టిదనం రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ వారాల్లోనే తుపాకీని వేటకు తీసుకెళ్ళి ‘ఇది వట్టి నాసిరకం’ అని తిట్టుకునేవారు ఎక్కువ. కప్పేసే గుణం దీనికి ఎక్కువ, పూత కొంచెం మందంగా పడుతుంది. పాత గీతల్ని దాచడానికి అది మంచిది, ఒకదానిలో ఒకటి బిగుతుగా జారే భాగాలకు మంచిది కాదు. మచ్చల మచ్చల డిజైన్లకు, స్టెన్సిళ్ళకు మాత్రం చాలా అనుకూలం.

గన్‌కోట్ గురించి మనవాళ్ళలో తక్కువమందికి తెలుసు. అది సిరామిక్ కాదు. మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే జారుడు పొడి కలిపిన రెసిన్. కలపాల్సింది ఏమీ లేదు, ముందుగా కాస్త వేడిచేసిన భాగం మీద చాలా పల్చగా కొట్టి, 300 ఫారన్‌హీట్‌కు కొంచెం పైన గంటసేపు ఆరబెడతారు. పల్చదనమే దీని బలం. ఫాస్ఫేట్ పూత ఉన్న ఉక్కు మీద కొడితే ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. నల్లటి పాతకాలపు సైనిక తుపాకీ రూపం కావాలంటే నేను సెరాకోట్ కన్నా దీనికే ఓటేస్తాను.

ఇక డబ్బా స్ప్రేలు. బ్రౌనెల్స్ వారి అల్యూమాహైడ్-2 ఎపాక్సీ రంగు. డబ్బా కాబట్టి స్ప్రే గన్, కంప్రెసర్ అక్కర్లేదు. సహనం మాత్రం కావాలి, పూర్తిగా గట్టిపడటానికి వారాలు తీసుకుంటుంది. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు కామఫ్లాజ్ రంగు డబ్బాను నేను చులకన చేయను. సీజన్ అయ్యాక అసిటోన్‌తో తుడిచి మళ్ళీ వేసుకునే ఉద్దేశం ఉంటే, పాలిమర్ స్టాక్‌కు అదే చాలు. అది ఊడుతుందని ముందే తెలిసి వేస్తాం కాబట్టి ఊడినప్పుడు బాధ ఉండదు.

అసలు రంగే వద్దు అనిపించే తుపాకులు

కొన్నింటి మీద సిరామిక్ వేయడం పాపం. 1964కు ముందు తయారైన వించెస్టర్ మోడల్ 70 రైఫిల్ మీ చేతికి వస్తే, ఉక్కు మీద రసాయనాలతో తెప్పించిన ఆ మసక నీలి రంగు (బ్లూయింగ్) ఎంత అరిగిపోయినా ముట్టుకోకండి. సేకరించేవారు డబ్బు పెట్టేది ఆ అరిగిన అసలు రంగుకే.

రెండు గొట్టాల పాత షాట్‌గన్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. వాటి గొట్టాల మధ్య పట్టీలను టంకంతో అతికిస్తారు. మరుగుతున్న కాస్టిక్ ఉప్పునీటిలో ముంచే వేడి నీలపు పద్ధతిలో ఆ కాస్టిక్ టంకాన్ని తినేస్తుంది, గొట్టాలు విడిపోతాయి. అలాంటి వాటికి నెమ్మదిగా తుప్పు పట్టించి, మరిగించి, గోకి, మళ్ళీ తుప్పు పట్టించే పాత నీలపు పద్ధతే వాడతారు. అది చేయి తిరిగిన పనివాడి పని. అల్యూమినియం భాగాల్ని కూడా ఆ కాస్టిక్ తొట్టిలో వేయకూడదు, కరిగిపోతాయి. సీసాలో దొరికే చల్లని నీలం మందు చిన్న గీతల్ని కప్పిపుచ్చడానికే పనికొస్తుంది. తుప్పును అది ఆపుతుందని నమ్మితే నా నారింజ వేలిముద్రల గతే పడుతుంది.

పూత నిలిచేది ఎక్కడ

నేల ఊడ్చి కళ్ళాపి చల్లకుండా ముగ్గు వేయరు. ఇక్కడా అంతే. సీసా ఖరీదైనదైనా జిడ్డు మీద కొడితే ‘పైన పటారం, లోన లొటారం’. నేను ఏ రకం వాడినా సమయంలో మూడొంతులు స్ప్రే గన్ ముట్టుకోకముందే అయిపోతుంది.

మొట్టమొదట తుపాకీ ఖాళీగా ఉందని కంటితోను, వేలితోను చూసుకోవాలి. గుండ్లను ఆ గదిలోనే ఉంచకూడదు. అప్పుడు విడదీయడం. సైట్లు, స్ప్రింగులు, రబ్బరు, కర్ర, ట్రీషియం వెలుగు చుక్కలు అన్నీ తీసేయాలి. ప్రతి దశలో ఫోనుతో ఫొటో తీసుకోండి. నాలుగు వారాల తర్వాత ఆ చిన్న పిన్ను ఏ వైపు నుంచి వచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

తర్వాత అసిటోన్ స్నానం, అరగంట. ఉక్కుకు, అల్యూమినియానికి ఇది సరిపోతుంది. ప్లాస్టిక్‌ను నానబెట్టకుండా ఆల్కహాల్‌తో తుడవాలి. డాక్టర్లు వాడే నీలం నైట్రైల్ చేతి తొడుగులు అసిటోన్‌కు నిమిషాల్లో ఉబ్బి మెత్తబడతాయి. బ్యూటైల్ రబ్బరువి వాడండి. టెక్సస్ ఇళ్ళల్లో నీళ్ళు కాగబెట్టే గ్యాస్ హీటర్ చాలాసార్లు గరాజ్‌లోనే ఉంటుంది. దాని లోపల మంట వెలుగుతూ ఉంటుంది. అసిటోన్ ఆవిరి నేల వెంబడి పాకుతుంది. నేను ఈ పని ఎప్పుడూ తలుపు బయట, ఎండలో చేస్తాను.

స్నానం అయ్యాక, ఓవెన్ ఉన్నవారు లోహపు భాగాన్ని పూర్తిగా ఆరనిచ్చి, పూత వేయకముందే 300 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర గంటసేపు ఓవెన్‌లో ఖాళీగా కాల్చాలి. నేను మొదటిసారి ఈ దశ ఎగ్గొట్టాను. శుభ్రంగా మెరుస్తున్న స్లైడ్‌ను చూసి, ‘ఇక జిడ్డెక్కడ ఉంది?’ అనుకున్నాను. పూత కొట్టి ఓవెన్‌లో పెట్టిన ఇరవై నిమిషాలకు అద్దంలోంచి చూస్తే, చెక్కిన అక్షరాల్లోంచి, సైట్ కూర్చునే గాడి మూలలోంచి గోధుమ రంగు నూనె సన్నగా కారుతోంది. కారిన మేర పూత బుడగలు లేచింది. ఏళ్ళ తరబడి రాసిన నూనె లోహపు సందుల్లో దాక్కుని, వేడి తగలగానే బయటికి వచ్చింది. మొత్తం గీకేసి మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడుగనేల! ఇప్పుడు ఖాళీగా కాల్చినప్పుడు ఒక్క చుక్క కారినా మళ్ళీ అసిటోన్‌లో వేసి మళ్ళీ కాలుస్తాను.

తర్వాత బ్లాస్టింగ్, అంటే గట్టి రేణువుల్ని గాలి ఒత్తిడితో కొట్టి లోహాన్ని గరుకు చేయడం. గార్నెట్ కానీ అల్యూమినియం ఆక్సైడ్ కానీ, 100 నుంచి 120 గ్రిట్ మధ్య. లోహానికి 80 నుంచి 100 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌన్ల గాలి ఒత్తిడి), పాలిమర్‌కు అందులో సగం కన్నా తక్కువ ఒత్తిడి. చేతితో తాకి చూడకూడదు కానీ, తాకితే సన్నని గరుకు కాగితంలా ఉంటుంది. పూత పట్టుకునేది ఆ గరుకునే. ఆనొడైజింగ్ (విద్యుత్తుతో కట్టించిన గట్టి ఆక్సైడ్ పొర) ఉన్న అల్యూమినియం మీద తేలికగా కొట్టాలి, ఆ పొర మొత్తం పోకూడదు. గాజు పూసలు వాడొద్దు, అవి ఉపరితలాన్ని నున్నగా చేస్తాయి. మామూలు ఇసుక అసలే వద్దు, దాని ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది. పలకల పరిశ్రమలో పనిచేసిన కుటుంబాలున్న మార్కాపురం వైపువారికి ఆ ధూళి సంగతి నేను చెప్పాల్సింది లేదు.

బ్లాస్టింగ్ అయ్యాక శుభ్రమైన పొడి గాలితో ఊది, కొత్త తొడుగులతో మాత్రమే పట్టుకోవాలి. కంప్రెసర్‌కు నీటిని పట్టే వడపోత తప్పనిసరి. మా ఊరి తేమలో గంట పనికి ఆ గిన్నెలో గరిటెడు నీళ్ళు చేరతాయి. ఆ నీళ్ళే రంగులోకి వస్తే చేప కళ్ళలాంటి గుంటలు పడతాయి.

స్ప్రేకు 0.8 మిల్లీమీటర్ల మూతి ఉన్న చిన్న హెచ్‌వీఎల్‌పీ (తక్కువ ఒత్తిడితో ఎక్కువ గాలి వదిలే) స్ప్రే గన్ చాలు. రంగును సన్నని జల్లెడలో వడకట్టి పోయాలి. బెత్తెడుకు, జానెడుకు మధ్య దూరం. మరీ దూరం నుంచి కొడితే రంగు గాలిలోనే ఆరి పొడిలా పడి గరుకు తేలుతుంది. మరీ దగ్గరైతే కారుతుంది. ముందు ఒక అట్టముక్క మీద, తర్వాత బ్లాస్ట్ చేసిన పాత ఇనుప ముక్క మీద చేయి చూసుకోండి. మూలల్లో, గాడుల్లో ముందు కొట్టి, చదునైన చోట్ల చివర్లో కొట్టడం నా పద్ధతి. అలా చేస్తే ఎక్కడా రెండుసార్లు మందం పడదు.

ఎక్కడ వేయకూడదు

హెచ్ పూత మందం సుమారు ఒక మిల్, అంటే అంగుళంలో వెయ్యో వంతు, దాదాపు 25 మైక్రాన్లు. వినడానికి ఏమీ కాదనిపిస్తుంది. కానీ ఒకదానిలో ఒకటి జారే రెండు భాగాలకూ వేస్తే ఒక్కో వైపు యాభై మైక్రాన్ల ఖాళీ తగ్గుతుంది. బిగుతుగా అమర్చిన పిస్టల్ పట్టాలకు అది చాలు, స్లైడ్ సగంలో ఆగిపోతుంది. బారెల్ లోపలి గొట్టం, ఛాంబర్, బోల్ట్ ముఖం, ఫైరింగ్ పిన్ దారి, ట్రిగ్గర్ కొక్కెం పళ్ళు, స్ప్రింగులు, గ్యాస్ రంధ్రాలు, మరలు: వీటికి పూత వద్దు. ఎక్కువ వేడి తట్టుకునే పచ్చ టేపుతో, సిలికాన్ బిరడాలతో మూసేయండి. తిరిగి బిగించాక ఉత్తుత్తి గుండ్లతో ప్రతి కదలికనూ, సేఫ్టీనీ పరీక్షించాలి. ట్రిగ్గర్ దగ్గర ఏమాత్రం తేడా అనిపించినా గన్‌స్మిత్‌కు చూపించాకే కాల్చాలి.

సీరియల్ నంబర్ విషయం వేరుగా చెప్పాలి. దాన్ని చెరిపేయడం, మార్చడం ఫెడరల్ నేరం. ఇప్పటి నిబంధన ప్రకారం తయారీదారు చెక్కే అక్షరాల లోతు కనీసం 0.003 అంగుళం. అంటే ఒక పొర పూతకు మూడింతలు. కాబట్టి సరిగా వేసిన పూత కింద నంబర్ చక్కగా చదవగలిగేలా ఉంటుంది. ప్రమాదం పూతతో కాదు, బ్లాస్టింగ్‌తో. ఒకేచోట గన్ ఆపి పెడితే అక్షరాల అంచులు అరిగిపోతాయి. నేను బ్లాస్టింగ్ ముందే నంబర్ మీద టేపు అంటిస్తాను.

ఊపిరి

గట్టిపరిచే రెండో సీసా ఉన్న రంగుల్లో చాలావాటిలో ఐసోసైనేట్లు ఉంటాయి. వాటికి ఒకసారి శరీరం అలవాటు తప్పి ఎదురుతిరిగితే, ఆ తర్వాత కొద్దిపాటి వాసనకే ఉబ్బసం వస్తుంది. వాటి వాసన ముందస్తు హెచ్చరికగా పనికిరాదు కాబట్టి ముక్కును నమ్ముకోకూడదు. సీసా మీది భద్రతా పత్రం చదివి, అందులో చెప్పిన రకం రెస్పిరేటర్ పెట్టుకోండి. కోవిడ్ రోజుల గుడ్డ మాస్కు ఇక్కడ దండగ. పాత తుపాకీ భాగాల మీది మసిలో సీసం ఉంటుంది. వంటింటి సింకులో కడగకండి, పిల్లల బట్టలతో కలిపి మీ పని బట్టలు ఉతకకండి. మా ఆవిడ మార్కర్ పట్టింది ఓవెన్ గురించే కాదు.

దుకాణానికి ఇవ్వడం ఎప్పుడు మేలు

ఓవెన్, కంప్రెసర్, బ్లాస్టింగ్ క్యాబినెట్, స్ప్రే గన్, రెస్పిరేటర్, టేపులు, గార్నెట్ అన్నీ కొత్తగా కొంటే అయ్యే ఖర్చుతో శిక్షణ పొందిన దుకాణంలో రెండు మూడు తుపాకులకు పూత వేయించుకోవచ్చు. ఒక్క తుపాకీ కోసమైతే ఇంట్లో మొదలుపెట్టొద్దు. బారెల్ పొడవు మీ ఓవెన్‌లో పట్టకపోతే, నాలుగైదు రంగుల డిజైన్ కావాలంటే, ఇంట్లో ఉబ్బసం ఉన్నవారు ఉంటే కూడా దుకాణమే. ఇచ్చేముందు వారిని ఒక్కటే అడగండి: ‘ఖాళీగా కాల్చి నూనె తీస్తారా, ఎంతసేపు?’ జవాబు తడుముకోకుండా వస్తే సరైన చోటికే వచ్చారు.

నన్ను బతిమాలి అడిగేవారికి మాత్రం ఇలా చెబుతుంటాను. గరాజ్‌లో ఓవెన్, బ్లాస్టింగ్ రెండూ ఉండి, రోజూ చేతిలో ఉండే పిస్టల్ అయితే హెచ్ సిరీస్. బాగా వేడెక్కే బారెల్ అయినా, లేక ఓవెన్ మాత్రమే లేకపోయినా సి సిరీస్, ఐదు రోజులు తాళం వేసి ఉంచగలిగితేనే. పాతకాలపు నల్లరంగు ఇష్టమైతే గన్‌కోట్. బ్లాస్టింగ్ లేనివారు సిరామిక్ సీసా కొని డబ్బు పారేసుకోవద్దు. గరుకు కాగితంతో రుద్ది డ్యూరాకోట్ వేసుకుని ఆరు వారాలు ఆగండి, లేదా డబ్బా రంగుతో సరిపెట్టుకోండి. నా షాట్‌గన్ రిసీవర్‌కు హెచ్ సిరీస్ వేశాను, బారెల్‌కు సి. దగ్గరగా చూస్తే రెండు నలుపుల మధ్య కొంచెం తేడా కనిపిస్తుంది. బాతులకు అది పట్టదు, నాకు కొంచెం పడుతుంది. వచ్చే వేసవిలో బారెల్‌ను మళ్ళీ గీకుతానేమో.